గ్యాస్ బండ రేటు ఊరికోలా ఎందుకుంటది, మన రేటు ఎలా చూస్కోవాలి

వైజాగ్‌లో ఉన్న వదిన వాళ్ళకి బండ మనకంటే తక్కువకి వస్తందని విన్నాక ఇక్కడ బెజవాడలో ఏజెన్సీ వాడు తినేస్తన్నాడని ఫిక్సైపోవద్దు, రేటు వాడి చేతిలో ఉండదు. ఇంట్లో వాడే 14.2 కేజీల బండ మీద జీఎస్టీ దేశమంతా 5 శాతమే, అంటే ఇది రాష్ట్రం పన్ను గొడవ కూడా కాదు, తేడా ఎక్కువగా రవాణా దగ్గరే వస్తది. బయట దేశాల నుంచి ఓడల్లో వచ్చే గ్యాస్ కొంత వైజాగ్‌లో దిగుద్ది, అక్కడ భూమి లోపల రాతిని తొలిచి 60,000 టన్నులు పట్టే స్టోరేజీ కట్టారు, ఓడరేవో రిఫైనరీయో, గ్యాస్ వచ్చే చోటు నుంచి దూరం పోయే కొద్దీ ఖర్చు తోడవుద్ది. 2025 ఏప్రిల్‌లో 50 పెంచాక ఢిల్లీలో 853 ఉంటే హైదరాబాద్‌లో 905 అయింది, అదే బండ అదే గ్యాసు.

సో ముందు మీ కంపెనీ యాప్‌లోనో సైట్‌లోనో మీ ఊరి రేటే చూడండి, గుంటూరు వాళ్ళు గుంటూరుదే చూడాలి. చూసేటప్పుడు 14.2 కేజీలదా 19 కేజీలదా అని కూడా చూడండి, టీవీలో గ్యాస్ తగ్గిందని ఊదరగొట్టేది చాలాసార్లు ఆ 19 కేజీల హోటళ్ళ బండ గురించే, మనకేం ఒరగదు.

తర్వాత బిల్లు. ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు ఆ రేటులోనే కలిసి ఉంటది, కాబట్టి డెలివరీ అబ్బాయి పైన అడిగేది బిల్లులో లేని డబ్బు. లిఫ్ట్ లేని మూడో ఫ్లోర్‌కి మే నెల ఎండలో మోసుకొచ్చినోడికి ఇస్తే ఇవ్వండి, నేనైతే ఇస్తా, కానీ దాన్ని గ్యాస్ రేటులో కలిపి అమ్మో పెరిగిందనుకోవద్దు. గోడౌన్‌కి వెళ్ళి మీరే తెచ్చుకుంటే డెలివరీ ఖర్చు తగ్గించాలి, అడగండి. తూకం కూడా అక్కడే వేయించండి, బండ మీద రాసున్న ఖాళీ బరువుకి 14.2 కలిపితే సరిపోవాలి. ఏపీ ప్రభుత్వం ఉచిత బండల పథకం దీపం-2 ఉన్నోళ్ళు మామూలుగా ముందు మొత్తం కట్టాలి, డబ్బులు తర్వాత అకౌంట్‌లో పడతాయి.

విజయవాడలో పైపు గ్యాస్ వచ్చిన ఏరియా అయితే ఇంకో లెక్క, సుమారు 17 క్యూబిక్ మీటర్లు ఒక బండతో సమానం, బిల్లుని అలా మార్చి చూడండి. సహజవాయువు జీఎస్టీలో లేదు, దాని మీద వ్యాట్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే వేస్తది, అందుకే హైదరాబాద్ పైపు రేటుతో మనకి పోలికే లేదు.

ఇక చలికాలం స్నానం నీళ్ళు. ఒక బండలో ఉన్న వేడి దాదాపు 180 యూనిట్ల కరెంటుతో సమానం, కాకపోతే స్టవ్ మీద మూడో వంతు పైనే గాల్లో పోద్ది, అంటే బండ 880 అనుకుంటే పనికొచ్చే యూనిట్ వేడి ఏడున్నర రూపాయల దాకా పడుద్ది. మీ కరెంటు బిల్లు 6 రూపాయల స్లాబ్‌లో ఆగుతుంటే గీజరే మేలు, 225 యూనిట్లు దాటి 8.75లోకి ఎక్కితే మాత్రం నీళ్ళు స్టవ్ మీదే పెట్టుకోండి.