కర్తరి ఎండలకు ముందు కారు అద్దాలకు ఫిల్మ్ వేయిస్తున్నారా?

పోయిన నెల చెన్నై వేళచ్చేరిలో, మా అపార్ట్‌మెంటు గేటు ఎదుటే, చీకటిపడ్డాక ఎడమకు తిరుగుతున్న ఒక కారు పక్కనే వస్తున్న స్కూటరును పడగొట్టింది. స్కూటరు నడుపుతున్న ఆవిడకు మెడ ఎముక విరిగింది. కారు నడిపిన ఆయన తాగలేదు, వేగంగానూ పోలేదు. ఎడమ అద్దంలోంచి ఆమె ఆయనకు కనిపించలేదు. ఆ అద్దాలకు వారం కిందటే ఫిల్మ్, అంటే ఎండను ఆపే పల్చటి పొర, వేయించారు. అది 50 శాతం వెలుతురును రానిస్తుందని బిల్లు మీద రాసి ఉంది. తరువాత వెలుతురు కొలిచే మీటరు పెట్టి చూస్తే 37 వచ్చింది.

దుకాణం వారు అబద్ధమాడలేదు. ఆ 50 ఫిల్మ్ ఒక్కదాని అంకె. ఏమీ అంటించని అద్దం కూడా వెలుతురును పూర్తిగా రానివ్వదు. చాలా కార్లకు కంపెనీ నుంచే లేతాకుపచ్చ అద్దాలు వస్తాయి. అద్దం నూటికి 75 పాళ్లు వెలుతురు రానిచ్చేదైతే, దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది అందులో సగం, అంటే ముప్పైఏడున్నర. 70 శాతం ఫిల్మ్ వేసినా 52 దగ్గర ఆగుతుంది. మన కన్ను చూసేదీ, చట్టం అడిగేదీ అద్దమూ ఫిల్మూ కలిసిన అంకెనే. ఎన్నో కార్ల విషయంలో ఈ ఒక్క పొరపాటే చూశాను: ఫిల్మ్ మీది అంకెను అద్దం అంకె అనుకోవడం.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును రానివ్వాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఎంత శాతానివైనా సరే ఫిల్ములు అంటించకూడదన్నది. 2021 ఏప్రిల్ నుంచి మారిన నియమాలను ఆధారం చేసుకుని, పై శాతాలకు లోబడిన ఫిల్ములు వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. అయితే ఆ తీర్పును చూపించి చెన్నైలో పోలీసులతో వాదనకు దిగితే నెగ్గుతామన్న హామీ లేదు. ఈ సంగతి తెలిసే డబ్బు ఖర్చుపెట్టండి. ముందు అద్దాన్ని మాత్రం అసలు ముట్టుకోనివ్వకండి; అక్కడ 70 కన్నా కిందికి దిగకుండా ఫిల్మ్ వేయడం దాదాపు సాధ్యం కాదు.

తమిళులు కత్తిరి అనీ మనం కర్తరి అనీ పిలిచే మే నెల ఎండలకు భయపడి, నలుపు ఎంత చిక్కనైతే అంత చల్లదనమని చాలామంది నమ్ముతారు. ఎండ వేడిలో సుమారు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే, దానికీ నలుపుకీ సంబంధం లేదు. రంగు అద్దిన చవక ఫిల్మ్ వేడిని పీల్చుకుని, అద్దాన్ని కాల్చి, కొంత వేడిని లోపలికే వదులుతుంది. మంచి సిరామిక్ ఫిల్మ్ తేటగా ఉండి కూడా దానికన్నా ఎక్కువ వేడిని ఆపగలదు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దుకాణంవారు వేడి దీపం వెలిగించి, ఫిల్మ్ వేసిన అద్దం వెనుక మీ చేతిని పెట్టి చూడమంటారు. ఆ దీపం సూర్యుడు కాదు. మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందో తెలిపే టీఎస్ఈఆర్ అంకెను కాగితం మీద అడగండి.

ఇక దుకాణానికి వెళ్లాక:

ఫిల్మ్ వేయక ముందు ఖాళీ అద్దాన్ని మీటరుతో కొలిపించండి. వేశాక మళ్లీ కొలిపించండి. రెండంకెలూ బిల్లు మీద రాయించండి. మీటరు లేదంటే బండి వెనక్కి తిప్పండి. లోహపు పూత ఉన్న ఫిల్మ్ వద్దు, ఫోను సిగ్నలుకూ జీపీఎస్‌కూ అడ్డమవుతుంది. వెనుక అద్దం మీది పాత ఫిల్మును బ్లేడుతో గీకనివ్వకండి, అద్దం మీది ఆవిరిని పోగొట్టే డీఫాగర్ తీగలు తెగిపోతాయి. వేయించాక నాలుగు రోజులు అద్దాలు దించకండి. అమ్మోనియా కలిసిన ద్రవంతో తుడవకండి. ఫిల్మ్ ఉంది కదా అని పసిబిడ్డను ఆపిన కారులో ఒక్క నిమిషం కూడా వదలకండి. లోపల బిడ్డ ఉన్నట్టు బయటివాళ్లకు కనిపించకపోవచ్చు. "అందరూ ఇదే వేయించుకుంటున్నారు సార్" అన్న మాట వినకండి. మళ్లీ చెబుతున్నాను, ఫిల్మ్ మీది అంకె అద్దం అంకె కాదు. బండి తీసుకునే రోజు చీకటిపడే దాకా ఆగి, దీపాలు లేని సందులో నిలిపి, ఎడమ అద్దంలోంచి పక్క మిర్రరును చూడండి. అందులో వెనుక నడిచి వచ్చే మనిషి ఆనవాలు తెలియకపోతే, మీటరు ఎంత చూపినా సరే, మరునాడే ఆ ఫిల్మ్ తీయించేయండి.