రైఫిల్ బ్యారెల్ ట్విస్ట్ ఎంచుకునే ముందు

శేషాచలంలో వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి కింది ట్విస్ట్ లెక్కలన్నీ లైసెన్సుతో చేసే టార్గెట్ షూటింగ్‌కే.

ముందు మ్యాగజైన్ (తూటాల గూడు) తీయండి. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కళ్ళతో చూడండి.

ట్విస్ట్ అంటే బ్యారెల్ లోపలి మెలిక గాళ్ళు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో ఆ లెక్క; బుల్లెట్‌ను గిరగిరా తిప్పి నిలకడగా ఉంచేది అదే. దాన్ని ఇలా కొలవండి: తిరిగే పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కు గుడ్డ బిగించి లోపలికి తోయండి. రాడ్ మీద పెట్టుకున్న గుర్తు ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఎన్ని అంగుళాలు వెళ్ళిందో అదే ట్విస్ట్. గుడ్డ వదులైతే జారిపోయి లెక్క తప్పుతుంది.

ట్విస్ట్ ఎంచుకోడానికి బరువుకన్నా బుల్లెట్ పొడవే ముఖ్యం: పొడుగైన కొద్దీ చుట్టు తక్కువ అంగుళాల్లో పూర్తవ్వాలి. .308 (అంగుళాల్లో బుల్లెట్ మందం) రైఫిల్‌లో 168 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌కు 12 అంగుళాలకో చుట్టు చాలు. 175 గ్రెయిన్లు దాటితే 10 అంగుళాలకో చుట్టు మేలు. రాగి బుల్లెట్ అదే బరువుకి ఇంకా పొడుగు.

టార్గెట్ అట్ట మీద రంధ్రం కోలగా పడిందా? బుల్లెట్ నిలకడగా ఎగరక పల్టీ కొడుతోంది. తిరుపతి మే ఎండకి పలచబడ్డ గాలిలో బొటాబొటిగా నిలిచిన బుల్లెట్, డిసెంబరు చలిలో నిలవకపోవచ్చు.