అందరూ వాడే లైబ్రరీ – 4వ పాఠం: పొడవు అంటే ఏ పొడవు?

పోయిన పాఠంలో ఫంక్షన్ల పేర్లు, ఎర్రర్ కోడ్‌లు తేల్చుకున్నాం. హైదరాబాద్ ఏరియాల పేర్లు అందించే మన చిన్న సీ లైబ్రరీ ఇక పదిమంది చేతుల్లో పడబోతోంది. ఒకరు జావాలో యాప్ రాస్తారు, ఇంకొకరు పైథాన్‌లో, మరొకరు విండోస్ మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. అందుకే ఈసారి కోడ్ రాయం. హెడర్ ఫైలు (వాడేవాళ్ల కోసం ఫంక్షన్ల జాబితా ఉండే ఫైలు) పైభాగంలో స్ట్రింగుల (అక్షరాల వరసల) గురించి ఒక పేరా రాస్తాం. అందులో ఏముండాలన్నదే పాఠం.

ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు: యూటీఎఫ్-8. జావా స్ట్రింగులు, విండోస్ ఏపీఐలు యూటీఎఫ్-16 లెక్కన నడుస్తాయి. ఒక్కో తెలుగు గుర్తుకి అక్కడ 2 బైట్లు చాలు, యూటీఎఫ్-8లో 3 కావాలి. అయినా ఫైళ్లు, నెట్‌వర్క్, లినక్స్ చాలావరకు యూటీఎఫ్-8లో ఉన్నప్పుడు, అవసరమైన వాళ్లు తమ గుమ్మం దగ్గర ఒక్కసారి మార్చుకోవడమే మేలు. వైడ్ క్యారెక్టర్ల (సీలోని పెద్ద అక్షర రకం) జోలికి మాత్రం పోకండి. అవి విండోస్‌లో 2 బైట్లు, లినక్స్‌లో 4.

అసలు పేచీ పొడవు దగ్గరే. ‘హైదరాబాద్’ పొడవెంత? బడిపిల్లల్ని అడిగితే హై, ద, రా, బా, ద్ అని వేళ్లు మడిచి 5 అంటారు. పైథాన్ 9 అంటుంది, గుణింతపు గుర్తుల్నీ పొల్లునీ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి. సీలో స్ట్ర్‌లెన్ 27 అంటుంది, బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి. ముగ్గురూ కరెక్టే. ఇక ‘గచ్చిబౌలి’ తీసుకోండి. ‘చ్చి’ ఒక అక్షరమా, రెండా? యూనికోడ్ నియమాల ప్రకారం చాలాకాలం రెండు ముక్కలు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి తెలుగు సంయుక్తాక్షరం ఒకే ముక్క. అంటే అదే పేరుకి పాత సిస్టమ్‌లో 5, కొత్త దాంట్లో 4 వస్తుంది. ఇలా మారిపోయే అంకెని మన లైబ్రరీ మాటివ్వకూడదు. మొదటి నియమం రాసుకోండి: మన ఫంక్షన్లలో పొడవు అంటే బైట్లే, వేరియబుల్ పేరులోనూ ‘బైట్స్’ అని ఉండాలి. తెర మీద ఎన్ని అక్షరాలు పడతాయో యాప్ రాసేవాళ్లు చూసుకుంటారు.

బైట్లు అనుకున్నాక బఫర్ (పేరు రాయడానికి ఇచ్చే మెమరీ జాగా) సంగతి. వాడేవాళ్లు 32 బైట్ల బఫర్ ఇచ్చి ‘కూకట్‌పల్లి’ అడిగారనుకోండి. చూడటానికి చిన్న పేరే. కానీ పొల్లు తర్వాత, ‘ప’ కింద ఒత్తుగా మారకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. దానితో కలిపి 33 బైట్లు, స్ట్రింగు ముగిసిందని చెప్పే చివరి సున్నాతో 34. స్ట్ర్-ఎన్-కాపీ (చెప్పినన్ని బైట్లే కాపీ చేసే సీ ఫంక్షన్) వాడితే సేఫ్ అని చాలామంది అంటుంటారు. అది ఇక్కడ 32 బైట్లు నింపేసి, చివరి సున్నా పెట్టకుండానే ఊరుకుంటుంది. చదివేవాడు పక్క మెమరీలోకి వెళ్లిపోతాడు. పోనీ 31 దగ్గర కోసి సున్నా పెడదామా? పది గుర్తులు పూర్తిగా వస్తాయి, చివరి గుడిలో ఒక్క బైటే మిగులుతుంది. తెర మీద ‘కూకట్‌పల్ల’, పక్కన ప్రశ్నార్థకం. సగం పేరు ఇవ్వడం కంటే అసలు ఇవ్వకపోవడం నయం అని నా పట్టు. బఫర్ చాలకపోతే ఏమీ రాయకుండా, ఎన్ని బైట్లు కావాలో చెప్పి ఎర్రర్ ఇవ్వాలి.

రెండు పేర్లు ఒకటేనా అన్న ప్రశ్నకి మన ఊరి పేరే మంచి పరీక్ష. ‘హై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐ గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. తెలుగు గుణింతాల్లో ఈ రెండో దారి ఉన్నది దీనికొక్కదానికే. కంటికి తేడా తెలీదు, బైట్లు మాత్రం 27 కాస్తా 30 అవుతాయి. పాత మ్యాక్‌లలోని హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్ ఫైలు పేర్లను ఇలా విడదీసే దాచుకునేది. కాబట్టి బైట్లు పోల్చి ‘వేరు’ అనేయడం కుదరదు. పోల్చే ఫంక్షన్ రెండిటినీ ముందు ఎన్ఎఫ్‌సీ (విడదీసిన గుర్తుల్ని కలిపి రాసే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి తేవాలి, కనిపించని గుర్తుని వదిలేయాలి (ఎన్ఎఫ్‌సీ దాన్ని తీయదు). ఇదంతా పోలిక వరకే. దాచేటప్పుడు వచ్చింది వచ్చినట్టే దాచాలి. లేకపోతే కూకట్‌పల్లి బోర్డు మీద ‘ట’ కింద ‘ప’ వత్తు వేలాడుతుంది. ‘హైదరాబాదు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, అది స్పెల్లింగ్ గొడవ, మనం తలదూర్చం.

చివరిది: లైబ్రరీ మెమరీ తీసుకుని ఇచ్చిన స్ట్రింగుని లైబ్రరీ ఇచ్చే విడుదల ఫంక్షన్‌తోనే వదలాలి. విండోస్‌లో డీఎల్ఎల్‌కీ, యాప్‌కీ వేర్వేరు హీప్‌లు (మెమరీ తీసుకునే నిల్వలు) ఉండొచ్చు. ఒకదాంట్లో తీసుకున్నది ఇంకోదాంట్లో ఫ్రీ చేస్తే ప్రోగ్రామ్ కూలొచ్చు, అదీ ఒక్కోసారి వెంటనే కూలకుండా ఎక్కడో తర్వాత.

అభ్యాసం: ‘మియాపూర్‌లో’ అని మీ కీబోర్డుతో టైప్ చేసి ఫైల్లో దాచి, బైట్లు లెక్కపెట్టండి. ఎడిటర్ చివర కొత్త లైను చేర్చితే ఆ ఒక్క బైటు తీసేయండి. 33 రావాలి. 30 వస్తే కనిపించని గుర్తు పడలేదని అర్థం, ‘ర’ కింద ‘ల’ వత్తు కనిపిస్తుంది. రెండు రకాలూ చేసుకుని ఉంచండి, వచ్చే పాఠంలో పోల్చే ఫంక్షన్‌కి అవే మొదటి టెస్టులు.