తొలి పవర్ కైట్‌తో మొదలుపెట్టడం ఎలా

సంక్రాంతికి మిద్దెల మీద పటాలెగరేసి అలవాటైన చేతికి పవర్ కైట్ (మనిషిని లాగగల పెద్ద పటం) మొదట్లో కొంత తికమకగానే ఉంటుంది. మన పటంలో పట్టంతా దారం పొడవులో ఉంటుంది: వదిలితే దూరం పోతుంది, గుంజితే పైకి లేస్తుంది, వెనక చరఖా పట్టుకునే మనిషి ఒకడు ఉంటాడు. పవర్ కైట్‌లో దారం పొడవు మారదు. 20 నుంచి 25 మీటర్ల పొడవున్న దారాలు రెండో మూడో నాలుగో ఉంటాయి. వాటిని పూర్తిగా విప్పి నేల మీద పరిచిన తర్వాతే పటాన్ని లేపుతారు కనుక, గాలిలోకి వెళ్ళాక ఇక వదలడానికీ చుట్టడానికీ ఏమీ మిగలదు. అది మనల్ని మెల్లగా పట్టి ఉంచుతుందా, ఇసుక మీద ఈడ్చుకుపోతుందా అన్నది ఆకాశంలో అది నిలిచిన చోటును బట్టి తేలుతుంది. అందుకే ఎగరేయడం కంటే ముందు దాని లాగుడును తగ్గించడం, కావాలనుకున్నప్పుడు ఆపడం నేర్చుకోవాలని ఇక్కడ పదేపదే చెప్పవలసి వస్తుంది.

ఈ పటాలకు పుల్లలుండవు. రెండు పొరల గుడ్డ మధ్య అడ్డుగోడలు కుట్టి గదులు గదులుగా చేస్తారు. ముందంచున ఉన్న సందుల గుండా గాలి చొరబడి గదులు ఉబ్బగానే గుడ్డ కాస్తా రెక్క ఆకారంలోకి వస్తుంది. డొమినా జాల్బెర్ట్ 1964లో రూపొందించిన ఈ పద్ధతి నుంచే నేటి చదరపు పారాచూట్లు, పారాగ్లైడర్లు కూడా వచ్చాయి. పటాలతో బండి లాగించాలన్న కోరిక మాత్రం అంతకంటే చాలా పాతది. జార్జ్ పోకాక్ అనే బడిపంతులు 1820ల్లోనే ఇంగ్లండ్ రోడ్ల మీద గుర్రాల్లేని బండిని పటాలతో నడిపించాడు. మనిషిని కూర్చోబెట్టి బండిని లాగగల వస్తువు ఇదని గుర్తుంటే, దాన్ని పిల్లల ఆటబొమ్మల వరుసలో పెట్టరు.

కొనేటప్పుడు మొదట చూడవలసింది వైశాల్యం. మోడల్ పేరు పక్కన ఉండే అంకె కొన్ని కంపెనీల పటాలలో చదరపు మీటర్లను, కొన్నిటిలో సెంటీమీటర్లలో వెడల్పును సూచిస్తుంది. రెండు మీటర్ల వెడల్పున్న పటం వైశాల్యం రెండు చదరపు మీటర్లకు చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి వివరాల పట్టిక చదవకుండా డబ్బు కట్టకూడదు. సరదా కోసమే అయితే ఒకటి, ఒకటిన్నర చదరపు మీటర్ల రెండు దారాల పటం పెద్దవాళ్ళకు సరిపోతుంది. ముందు ముందు కైట్‌బోర్డింగ్ (పటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్ళపై జారడం) నేర్చుకోవాలని ఉంటే రెండు, రెండున్నర చదరపు మీటర్ల మూడు దారాల ట్రైనర్ కైట్ తీసుకోవడం మేలు. దానికి చేతిపట్టీలకు బదులు కడ్డీ ఉంటుంది. కడ్డీని వదిలేస్తే మణికట్టుకు కట్టుకున్న మూడో దారం మీద మాత్రమే పటం వేలాడి, చప్పబడి, కింద పడుతుంది. నా మాట అడిగితే ఈ ఒక్క సదుపాయం కోసమే కాస్త ఎక్కువ ధర పెట్టవచ్చు. ‘ఎలాగూ తర్వాత పెద్దది కావాలి కదా’ అని మొదటే నాలుగైదు చదరపు మీటర్లది కొనడం మాత్రం డబ్బుకూ ఎముకలకూ కూడా నష్టం.

గాలి విషయంలో ఒక లెక్క కంఠతా రావాలి. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది: గంటకు 15 కిలోమీటర్ల గాలి 30 అయితే లాగుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది; 15 నుంచి 20కి పెరిగినా దాదాపు 1.8 రెట్లు. ఇది నిలకడగా ఉన్న పటం సంగతి. పటం తానే వేగంగా దూసుకుపోతున్నప్పుడు ఆ వేగం కూడా గాలి వేగానికి తోడవుతుంది గనుక, గాలి ఏమాత్రం మారకపోయినా లాగుడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మొదటి రోజులకు గంటకు 10 నుంచి 18 కిలోమీటర్ల గాలి అనుకూలం. యాప్‌లు నాట్‌లలో చూపిస్తే ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లని గుర్తుంచుకుంటే చాలు. సముద్రం మీద అక్కడక్కడ తెల్ల నురగ తలలు కనిపిస్తుంటే ఆ హద్దుకు చేరువలో ఉన్నట్టు. నీళ్ళంతా నురగ తలలే కనిపిస్తే ఆ రోజు సంచి విప్పకుండా తిరిగి రావడం మంచిది. సగటు వేగం కన్నా విసురుగాలి అంకెను జాగ్రత్తగా చూడాలి. సగటు 14 ఉండి విసురు 28 అని చూపిస్తే అది 14 కిలోమీటర్ల రోజు కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు మబ్బు కమ్మి ఈదురుగాలి లేచే సూచన ఉన్నా, దూరంగా ఉరుము వినపడినా పటం వెంటనే దించాలి.

స్థలం ఎంచుకోవడం దీని తర్వాతి పని. కొండ, భవనం, తోపు దాటి వచ్చిన గాలి ముక్కలు ముక్కలుగా, సుడులు తిరుగుతూ వస్తుంది. అడ్డం ఎత్తుకు కనీసం ఏడు నుంచి పది రెట్ల దూరం జరిగితే గానీ గాలి తేరుకోదు. హైదరాబాదు కాలనీ మైదానాల్లో పటం ఊరికే ముడుచుకుపోయి రాలిపడటానికి కారణం ఇదే. తెలంగాణలో వేసవికి ఎండిన విశాలమైన చెరువు గర్భాలు ఇంతకంటే నయం గానీ, మిట్టమధ్యాహ్నం నేల కాగి సుడిగాలులు లేస్తాయి కాబట్టి ఎండ తగ్గాక వెళ్ళాలి. కోస్తాలో ఈ బెడద తక్కువ. బాపట్ల దగ్గరి సూర్యలంక వంటి వెడల్పాటి ఇసుక తీరంలో మధ్యాహ్నం తర్వాత సముద్రం నుంచి వచ్చే గాలి అడ్డులేకుండా సమంగా వీస్తుంది. అయితే గాలి సముద్రం వైపు నుంచి వస్తే పటం నేల వైపే ఎగురుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. మనం నీళ్ళకు వీపు పెట్టి నిలబడతాం, పటం సరుగుడు తోటల వైపు, బజ్జీల బండ్ల వైపు ఉంటుంది. కాబట్టి మన ముందు కనీసం 50 మీటర్లు, ఇరుపక్కలా 30 మీటర్ల చొప్పున మనుషులు, చెట్లు, తీగలు లేని జాగా ఉండాలి. ఆదివారాలు, కార్తీకమాసపు సముద్ర స్నానాల రోజులు ఇందుకు పనికిరావు. గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తున్నప్పుడు అసలు ఎగరేయకూడదు: అది గతుకుల గాలి, పైగా పటం నీళ్ళలో పడితే తెరిచి ఉన్న గదులు నీటితో నిండి లంగరులా బరువెక్కుతాయి. పడితే ఒక దారం పట్టుకొని ఒడ్డుకు లాక్కోవాలే తప్ప దాని వెనక ఈదుకుంటూ వెళ్ళకూడదు.

కరెంటు తీగలున్న చోటు, విమానాశ్రయం చుట్టుపక్కలు పూర్తిగా నిషిద్ధమనుకోవాలి. పటం తీగలకు చిక్కుకుంటే చేతిలో ఉన్నది వెంటనే వదిలేసి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. మన దేశంలో 2024 దాకా అమల్లో ఉన్న 1934 నాటి విమాన చట్టం ‘ఎయిర్‌క్రాఫ్ట్’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో గాలిపటాలను కూడా చేర్చిందని తెలిస్తే నవ్వు రావచ్చు గానీ, అందులో న్యాయం లేకపోలేదు. విదేశాల్లో ఉన్నవారు తమ ఊరి బీచ్ నిబంధనలను ముందే చూసుకోవాలి. కొన్నిచోట్ల వేసవి పగటివేళల్లో పటాలను అనుమతించరు.

దారాల గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. వీటిని డైనీమా అనే గట్టి పోగుతో అల్లుతారు. అది చూడటానికి సన్నగా ఉన్నా ఒక్కో దారం పదుల కిలోల బరువును ఆపుతుంది, సాగదు, నునుపుగా జారుతుంది. ఆ నునుపు వల్లనే రెండు దారాలు నాలుగైదు మెలికలు పడినా పటం చెప్పినట్టు వింటుంది. దీని బలహీనత వేడి: 150 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది కాబట్టి మరొక దారం ఒకేచోట రాసుకుంటే రాపిడికే తెగిపోతుంది. గాజుపొడి పూసిన మాంజా తగిలితే ఇక చెప్పనక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో పటాలెగిరే మైదానానికి పవర్ కైట్ తీసుకువెళ్ళకండి. బిగువుగా ఉన్న దారం చర్మాన్ని కోసేస్తుంది గనుక దాన్ని వేళ్ళకు చుట్టుకోవడం, పటం గాలిలో ఉండగా దారాన్ని చేత్తో పట్టుకోవడం ఎంతమాత్రం చేయకూడదు. తెగిన దాని స్థానంలో చేపల గాలానికి వాడే నైలాన్ దారం కట్టకూడదు. అది సాగుతుంది, రెండు వైపులా ఒకేలా సాగదు. కొత్త దారాలను కూడా నెలకోసారి ఒక చివర మేకుకు తగిలించి, రెండో చివర రెండింటినీ కలిపి లాగి పొడవు సరిచూడాలి. ఒకటి కొంచెం పొట్టిగా ఉంటే పటం ఎప్పుడూ ఆ వైపుకే ఒరుగుతుంది, తప్పు మన చేతిదేనని అనుకుంటూ ఉంటాం.

ఇక పటాన్ని లేపడం. గాలికి వీపు పెట్టి నిలబడి, మీకు నేరుగా ఎదురుగా దారాల పొడవంత దూరంలో పటాన్ని వెల్లకిలా పరచండి: సన్నని దారాల సూత్రాలు పైకి, వెనకంచు మీ వైపు, గాలి చొరబడే ముందంచు అవతలి వైపు ఉండాలి. వెనకంచు పొడవునా దోసెడు దోసెడు ఇసుక పోస్తే అది లేచిపోదు. సూత్రాల చివర ముడివేసిన చిన్న తోకలుంటాయి. దారం చివరి ఉచ్చును మడిచి ఆ తోక మీదికి ఎక్కించి, ముడికి పటం వైపున బిగించాలి. లాగితే బిగుసుకోవడం, ముడిని పట్టుకొని వెనక్కి నెడితే వదులవడం ఈ ఉచ్చుముడి లక్షణం. కుడి దారం కుడికే, ఎడమ దారం ఎడమకే వచ్చిందని దారాల వెంట నడిచి చూసుకున్నాకే పట్టీలు అందుకోండి.

ఇప్పుడు ఒక కాలు ముందుకు పెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, రెండు చేతులూ సమంగా లాగుతూ ఒకటి రెండు అడుగులు వెనక్కి వేయండి. ముందంచు నేల నుంచి లేస్తుంది, ఒక చివర నుంచి గదులు టపటపమంటూ నిండుతాయి, ఇసుక జారిపోతుంది, ఆ మరుక్షణమే పటం నిట్టనిలువుగా పైకి పోతుంది. అలా పోయేటప్పుడు అది మనకు నేరుగా ఎదురుగా ఉన్న ఆకాశపు నడిమి భాగం గుండానే వెళుతుంది గనుక ఆ రెండు మూడు క్షణాల్లో లాగుడు అన్నిటికంటే ఎక్కువ. ముందే తెలిసి ఉంటే భయపడరు. వెనక్కి వాలి ఆపాలని చూడకుండా దాని వైపు నాలుగడుగులు నడవండి. ఎదిరించిన కొద్దీ లాగుడు పెరుగుతుంది, పటం వైపు నడిస్తే తగ్గుతుంది. ఇది ఒంటికి సహజంగా రాని పని కాబట్టి కావాలని సాధన చేయాలి.

పటం తిరగగలిగిన ఆకాశపు మేరను విండ్ విండో అంటారు. పుచ్చకాయను నిలువునా నాలుగు చెక్కలు చేస్తే, ఒక చెక్క నేల మీద పడుకున్నప్పుడు దాని తొక్క ఎలా వంగి ఉంటుందో అలాంటి ఆకారం అది. కోసిన అంచు మధ్యన నేల మీద మనం నిలబడి ఉంటాం. తొక్క నడిమి భాగంలో, నేలకు కాస్త పైన, లాగుడు అత్యధికం. నడినెత్తిన, కుడి ఎడమ అంచులలో అతి తక్కువ. కాబట్టి మొదటి అరగంట పటాన్ని నడినెత్తినే నిలపండి. తర్వాత గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఆపైన పది నుంచి రెండు దాకా మెల్లగా తిప్పండి. కుడి చేయి లాగితే పటం గడియారం ముళ్ళు తిరిగే దిశలో, ఎడమ చేయి లాగితే దానికి ఎదురు దిశలో తిరుగుతుంది. పటం కిందికి చూస్తున్నప్పుడు కూడా ఈ సూత్రం మారదు, తికమకపడేది కళ్ళే. చేతులను తలపైకెత్తడం, కారు స్టీరింగ్‌లా తిప్పడం మానేస్తే సగం తప్పులు పోతాయి. చేయి జానెడు కదిలితే చాలు.

దించడానికి పటాన్ని ఒక అంచుకు పోనిచ్చి, నెమ్మదిగా నేలకు దగ్గరగా తెచ్చి, దాని వైపు రెండడుగులు వేయాలి. గాలి అందక రెక్క కొస ఇసుకను తాకి పటం ముడుచుకుంటుంది. నడిమి భాగంలో తలకిందులుగా నేలకు గుద్దేలా దింపితే గదుల మధ్య గోడలు పగులుతాయి. బయటికి ఏమీ కనిపించదు, పటం మాత్రం అప్పటి నుంచి సరిగా ఉబ్బదు. కుడి అంచున, ఎడమ అంచున అనుకున్నప్పుడల్లా దించగలిగే దాకా మధ్యలో పెద్ద వలయాలు తిప్పే పని పెట్టుకోవద్దు. ఎవరైనా పటం కిందికి నడిచివస్తే ముందు నడినెత్తికి తెచ్చి, ఆ తర్వాత మాట్లాడండి.

దించిన వెంటనే పటం వెనకంచు మీద ఇసుక పోసి, పట్టీలను నేలలో గుచ్చిన మేకుకు తగిలించి, అప్పుడు పటం దగ్గరికి వెళ్ళాలి. దారాలను పలక మీద ఎనిమిది అంకె ఆకారంలో చుడితే మరుసటిసారి మెలికలు లేకుండా విప్పుకుంటాయి. గుండ్రంగా చుడితే ప్రతి చుట్టూ ఒక మెలికే. గదుల్లో చేరిన ఇసుకను వెనకంచు మూలల్లోని సందుల గుండా దులపాలి. ఉప్పునీరు తగిలితే మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. పటం గుడ్డకు ఎండే పెద్ద శత్రువు; ఎగరేయని సమయంలో దాన్ని పరిచి ఉంచే అలవాటు వద్దు. చిన్న చిరుగులకు రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా నేసిన గుడ్డ) అంటుకునే పట్టీ రెండు వైపులా అతికిస్తే సరిపోతుంది.

పటం లాగే మూడు చక్రాల బగ్గీ, చక్రాల పలక అయిన ల్యాండ్‌బోర్డ్ మీద మనసు పడేవారు ఆ తర్వాత మూడు చదరపు మీటర్ల నాలుగు దారాల పటానికి మారవచ్చు. అందులో కింది రెండు దారాలు బ్రేకులు. మణికట్టు పట్టీలను వాటికి కలుపుతారు, పిడులు వదిలేస్తే బ్రేకుల మీదే పటం వేలాడి శక్తి కోల్పోతుంది. కొత్త పటంతో మొదటిసారి లేపినప్పుడే, తేలికపాటి గాలిలో, పిడులు రెండూ కావాలని వదిలి ఆ ఏర్పాటు పని చేస్తోందో లేదో పరీక్షించుకోండి.