సరుకులకు బయల్దేరే ముందు పొయ్యి చూడండి

వంటగది ఉన్న అపార్ట్‌మెంటులో కొన్నాళ్లు దిగుతున్నారా? సామాను దింపగానే సరుకులకు పరుగెత్తకండి. ముందు పొయ్యి వెలిగించి చూడండి. ఇండక్షన్ పొయ్యి మీద అయస్కాంతం అంటుకునే గిన్నెలే వేడెక్కుతాయి. ఫ్రిజ్ తలుపుకున్న బొమ్మ అయస్కాంతాన్ని గిన్నె అడుగున ఆనించి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఎంత నొక్కినా పొయ్యి పలకకపోతే తాళం గుర్తును కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. పిల్లల భద్రత కోసం చాలావాటికి ఆ ఏర్పాటు ఉంటుంది. కత్తికి పదునుందా, ఉప్పు, నూనె, గిన్నెలు తోమే సబ్బు ఉన్నాయా చూసుకుని అప్పుడు చీటీ రాయండి. అన్నట్టు, చెత్త ఎక్కడ, ఏ రోజు వేయాలో ఇంటి యజమానిని మొదటి రోజే అడగండి. చుట్టూ ఉన్నవాళ్లు కాపురముండే మనుషులు, మన సంచి వాళ్ల గుమ్మం ముందు కుళ్లకూడదు.