దసరాకి కారు కొంటున్నారా? బేరం ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి

దసరాకి కారు ఇంటికి తెచ్చుకుందామనుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది ఒకటే, షోరూంలో కూర్చుని బేరమాడకండి. పండగ రోజుల్లో మీ కుర్చీ వెనకే ఇంకో ఇద్దరు నిలబడి ఉంటారు, పిల్లలు అప్పటికే డ్రైవింగ్ సీటెక్కి హారన్ కొడుతుంటారు, ఇంట్లో ముహూర్తం పెట్టేసి ఉంటారు, ఆ టెన్షన్‌లో "ఇవాళ బుక్ చేస్తేనే ఈ ఆఫర్ సార్" అనగానే చెయ్యి జేబులోకి పోతుంది.

దసరా నవరాత్రులకి ముందు పదిహేను రోజులు మహాలయ పక్షాలు. ఆ రోజుల్లో కొత్త వస్తువు కొనడానికి మనవాళ్లలో చాలామంది ఇష్టపడరు కాబట్టి షోరూంల్లో రద్దీ తక్కువ. కొనొద్దు సరే, ధర కనుక్కోవడానికి తిథితో పనేముంది? మోడల్, వేరియంట్, రంగు ఖరారు చేసుకుని ముగ్గురు నలుగురు డీలర్లకి ఒకే మెసేజ్ పెట్టండి. ఆన్‌రోడ్ ధర, అంటే బండి రోడ్డెక్కేసరికి అయ్యే ఖర్చు, మొత్తంగా చెప్పొద్దని, ఎక్స్‌షోరూం (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర), లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, డిస్కౌంట్ వేటికవే రాసి వాట్సాప్ చేయమనండి. ఎక్స్‌షోరూం ధర కంపెనీ సైట్‌లో కనిపిస్తుంది, లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానికి పోయేది. తేడాలన్నీ మిగతా వరుసల్లోనే ఉంటాయి. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక వరుస కనిపిస్తే అది దేనికో రాసి పంపమనండి, చాలాసార్లు అక్కడితోనే ఆ వరుస పోతుంది. అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొటేషన్‌ని మీకు దగ్గర్లో ఉన్న డీలర్‌కి పంపి "ఈ ధరకి ఇస్తారా?" అని అడగండి, అంతే. అవునంటే అక్కడే తీసుకోండి, కాదంటే తక్కువ చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఒక మాట, 2025 సెప్టెంబర్ 22కి ముందు కొన్న చుట్టాల ధరతో పోల్చుకోకండి. ఆ రోజు నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అలాగే ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (డీలర్ మీ దగ్గర వసూలు చేసి మీ పేరున కట్టే ఆదాయపు పన్ను) కూడా వేస్తారు. అది డీలర్ లాభం కాదు, మీ ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్‌లో చూపించుకోవచ్చు, కాబట్టి పాన్ నంబర్ సరిగ్గా ఇవ్వండి.

ఇన్సూరెన్స్ దగ్గరే ఎక్కువ డబ్బు జారిపోతుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ఒకేసారి కట్టాలి, సొంత డ్యామేజీకి ఏడాది చాలు. "మా దగ్గర తీసుకోకపోతే క్యాష్‌లెస్ రాదు" అంటారు, నమ్మకండి. క్యాష్‌లెస్, అంటే రిపేర్ బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం, ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఉన్న ఒప్పందం మీద ఆధారపడుతుంది, పాలసీ ఎవరు అమ్మారన్నదాని మీద కాదు. బయట కొటేషన్ తీసుకునేటప్పుడు ఐడీవీ (కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం), జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదల కింద డబ్బు కోయకపోవడం) లాంటి యాడ్‌ఆన్‌లు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి, ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువగా చూపించేవాళ్లూ ఉన్నారు.

లోన్ ముందే బ్యాంకులో శాంక్షన్ చేయించుకోండి. షోరూంలో 7 శాతం ఫ్లాట్ (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ) అని చెప్తే సంబరపడకండి, ఐదేళ్ల లోన్‌కి తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది సుమారు 12.5 శాతం అవుతుంది.

ఇక బండి చూసుకోవడం. మా అక్కవాళ్ల కారు ధనత్రయోదశి పొద్దున ఏడున్నర ముహూర్తానికి తీసుకున్నారు. ఎర్ర గుడ్డ లాగారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. ఇంటికొచ్చి కడుగుతుంటే వెనక బంపర్ అంచున గోరంత మేర పెయింట్ పొంగి కనిపించింది. ఫోన్ చేస్తే "చూసుకుని సంతకం పెట్టారు కదండీ" అన్నారు. ఆ రోజంతా బావ ముఖం చూడలేకపోయాం.

అందుకే రిజిస్ట్రేషన్‌కి ముందే, డీలర్ బండ్లు నిలిపి ఉంచే స్టాక్‌యార్డ్‌కి వెళ్లి, ఎండ ఉన్నప్పుడు బండి చుట్టూ నెమ్మదిగా తిరిగి చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3225 అంటే 2025లో 32వ వారం తయారైందని, అయిదు టైర్లూ చూడండి, స్టెప్నీతో సహా. బండి ఏ నెలలో తయారైందో కంపెనీ ఇచ్చే ఫారం 22 అనే సర్టిఫికెట్‌లో ఉంటుంది. పాత ఏడాది బండైతే డిస్కౌంట్ గట్టిగా అడగండి, రేపు అమ్మేటప్పుడు ఆ ఏడాదినే చూస్తారు. ఛాసిస్ నంబర్ ఫొటో తీసుకుని, ఇన్వాయిస్‌లోనూ ఇన్సూరెన్స్‌లోనూ అదే ఉందో లేదో అక్షరం అక్షరం సరిపోల్చండి.

బుకింగ్ డబ్బు డీలర్‌షిప్ ఖాతాకే వేయండి, సేల్స్ అబ్బాయి సొంత నంబర్‌కి ఎంత మంచివాడైనా వద్దు. క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. డెలివరీ రోజు రెండు తాళంచెవులూ, ఇన్వాయిస్, పాలసీ కాపీ, రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చాకే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించండి.