మగ్గం షాపుకి ఏఐ సాయం – నాలుగో పాఠం: డెలివరీ తేదీ లెక్క

మూడో పాఠంలో గూగుల్ ఫామ్‌తో ఆర్డర్ చీటీ తయారుచేసుకున్నాం. కస్టమర్ ఎదురుగా ఉండగానే ఆర్డర్ నంబరు, పని రకం, కొలతలు, ఇవ్వాల్సిన తేదీ, అడ్వాన్సు నింపితే అవన్నీ గూగుల్ షీట్‌లో వరసగా చేరుతున్నాయి. ఈ వారం ఆ షీట్‌తో పని చేయిద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో రెండు మూడు మగ్గాలతో (బ్లౌజు గుడ్డ బిగించి ఎంబ్రాయిడరీ చేసే చట్రాలతో) నడిచే షాపుని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఉత్త బ్లౌజులు కుట్టేవాళ్ళకీ ఇదే లెక్క పనికొస్తుంది.

మొదట ఒక చిన్న సెట్టింగు. దీన్ని వదిలేస్తే తర్వాత చేసేదంతా తప్పుతుంది. కంప్యూటర్‌లో షీట్ తెరిచి, ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్ళి, లొకేల్ దగ్గర ఇండియా, టైమ్ జోన్ దగ్గర కోల్‌కతా ఎంచుకోండి. లొకేల్ అమెరికాగా ఉంటే, మీరు ఆగస్టు 5 అనుకుని 5/8 అని కొట్టిన తేదీని షీట్ మే 8గా తీసుకుంటుంది. ఫామ్‌లో క్యాలెండర్ నుంచి ఎంచుకున్న తేదీతో ఈ ఇబ్బంది లేదు, చేత్తో దిద్దినప్పుడే వస్తుంది. కొలతల దగ్గర కూడా జాగ్రత్త. లూజు అరంగుళం అని 1/2 కొడితే అది ఫిబ్రవరి 1 అయి కూర్చుంటుంది. అందుకే అరకి 0.5, పద్నాలుగుంపావుకి 14.25 అని రాయడం అలవాటు చేసుకోండి.

ఇక అసలు పాఠం. మగ్గం షాపుల్లో గొడవలు ఎక్కువగా పని బాగాలేదని రావు, చెప్పిన రోజుకి ఇవ్వలేదని వస్తాయి. పెళ్ళి తేదీ ఎవరి కోసమూ వెనక్కి జరగదు. అయినా మనం తేదీ ఎలా చెప్తున్నాం? కస్టమర్ మొహం చూసి, పోయిన వారం పని గుర్తుచేసుకుని, నోటికొచ్చిన రోజు చెప్పేస్తున్నాం. మగ్గాల మీద ఇప్పటికే ఎంత పని ఉందో కళ్ళముందు కనపడితే ఆ మాట మారుతుంది.

షీట్‌లో కుడి పక్కన మూడు కాలమ్‌లు చేర్చండి. ఒకటి, ఈ ఆర్డర్ మగ్గం మీద ఎన్ని రోజులు తీసుకుంటుంది. రెండు, మగ్గం పని ఏ రోజుకి పూర్తవ్వాలి. కుట్టడానికీ ట్రయల్‌కీ కనీసం రెండు రోజులు పడుతుంది కాబట్టి ఇది డెలివరీకి రెండు రోజుల ముందు తేదీ. మూడు, స్టేటస్, అంటే పని ఎంతవరకు వచ్చిందో. మొదటి కాలమ్‌లో ఏం రాయాలో మీ పెద్ద కారీగరునే (మగ్గం పనివాణ్ణే) అడగండి. పెళ్ళికూతురి బ్లౌజుకి చేతులనిండా జర్దోసీ (జరీ తీగ పని), కట్‌దానా (చిన్న గొట్టపు పూసలు) వేస్తే ఎన్ని రోజులు, మెడ చుట్టూ సన్న బోర్డరైతే ఎన్ని రోజులు అని అడిగి రాసుకోండి. ఏఐని అడిగితే అదీ ఒక అంకె చెప్తుంది, కానీ మీ కారీగరు చెయ్యి ఎంత వేగమో దానికి తెలియదు.

ఉదాహరణకి మీకు మూడు మగ్గాలు, వారానికి ఆరు పనిరోజులు అనుకుందాం. ఒక మగ్గం మీద ఒక రోజు పనిని ఒక మగ్గం రోజు అనుకుంటే, వారానికి 18 మగ్గం రోజులు. అయిదేసి రోజుల పెళ్ళి బ్లౌజులు రెండు, రెండేసి రోజుల మామూలు పనులు నాలుగు తీసుకున్నారంటే 18 నిండిపోయాయి. ఆ తర్వాత వచ్చే ఆర్డర్ ఎంత చిన్నదైనా వచ్చే వారానికే. ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటే ఆ లెక్క వేరు, దాన్ని మీరే సవరించుకోవాలి.

ఈ కూడికని ప్రతిసారీ చేత్తో వేయక్కర్లేదు. జెమినై గానీ చాట్‌జీపీటీ గానీ తెరిచి మామూలు తెలుగులో ఇలా అడగండి:

"నా గూగుల్ షీట్‌లో జి కాలమ్‌లో మగ్గం రోజులు, హెచ్ కాలమ్‌లో మగ్గం పని పూర్తవ్వాల్సిన తేదీ, ఐ కాలమ్‌లో స్టేటస్ ఉన్నాయి. స్టేటస్ 'మగ్గం అయ్యింది' అనిగానీ 'ఇచ్చేశాం' అనిగానీ ఉన్న వరసలు వదిలేసి, మిగతా వాటి మగ్గం రోజులు వారాలవారీగా కూడే ఫార్ములా ఇంకో ట్యాబ్‌లో పెట్టాలి. వారం సోమవారంతో మొదలవుతుంది. మొత్తం 18కి చేరితే గడి ఎర్రబడాలి. ఒక్కో అడుగూ చెప్పు."

ఏ కాలమ్‌లో ఏముందో అక్షరంతో సహా చెప్పడమే ఇక్కడ కీలకం. "నా ఆర్డర్లు మేనేజ్ చెయ్యి" అంటే పొడుగాటి ఉపన్యాసం వస్తుంది తప్ప ఫార్ములా రాదు. వచ్చిన ఫార్ములాని వెంటనే నమ్మకండి. ఏదైనా ఒక వారం ఆర్డర్లు కాగితం మీద కూడి చూడండి. రెండూ కలిస్తేనే వాడండి. కలవకపోతే రెండు అంకెలూ ఏఐకి చెప్పి, ఎక్కడ తేడా వచ్చిందో వెతకమనండి.

ముహూర్తాల సంగతి. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం, పెళ్ళిళ్ళు కలిసి మీదపడతాయి. సుమారు 32 నెలలకోసారి అధికమాసం రావడం వల్ల శ్రావణం ఏటా ఒకే తేదీకి రాదు. ఈ తేదీలు ఏఐని అడగొద్దని గట్టిగా చెప్తున్నాను. తెలియకపోయినా తెలిసినట్టే ఓ తేదీ చెప్పేయడం దానికున్న పెద్ద లోపం. అచ్చయిన పంచాంగం చూసి ముహూర్తాలు ఒక ట్యాబ్‌లో మీరే రాసుకోండి.

పొద్దున్నే గుర్తుచేసే ఏర్పాటు సులువు. షీట్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూలో యాప్స్ స్క్రిప్ట్ ఉంటుంది. షీట్ చేత తనంతట తానే పని చేయించే చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) పెట్టుకునే చోటు అది. ఆ ప్రోగ్రామ్ ఎప్పుడు నడవాలో చెప్పేదే ట్రిగ్గర్. "మూడు రోజుల్లోపు ఇవ్వాల్సిన ఆర్డర్ల జాబితా రోజూ పొద్దున 8, 9 గంటల మధ్య నా జీమెయిల్‌కి పంపే స్క్రిప్ట్ రాయి, ట్రిగ్గర్ ఎలా పెట్టాలో చెప్పు" అని ఏఐని అడిగి, వచ్చింది అందులో అతికించండి. మొదటిసారి నడిపినప్పుడు గూగుల్ అనుమతి అడుగుతుంది, హెచ్చరిక కూడా చూపిస్తుంది. మీ ఖాతాలో మీరు పెట్టుకున్న స్క్రిప్ట్ కాబట్టి, అది ఏమేం చేస్తుందో ఏఐతో వివరంగా చెప్పించుకున్నాక ఒప్పుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో పంపిన స్క్రిప్ట్ మాత్రం పెట్టొద్దు.

కస్టమర్‌కి పంపే మెసేజ్ దగ్గర ఏఐ చేత చిత్తుప్రతి రాయించుకోండి, పంపేది మీరే పంపండి. "అక్కా, నా బ్లౌజ్ అయ్యిందా?" అంటే ఏఐ "త్వరలోనే మీ ఆర్డర్‌ను అందజేస్తాము" అని రాస్తుంది. ఆ మాట వల్ల ఆమెకి ఏమీ తెలియదు. "మగ్గం పని అయిపోయిందమ్మా, కుట్టు నడుస్తోంది. గురువారం సాయంత్రం ఆరు తర్వాత వచ్చి ట్రయల్ చూసుకోండి. బాకీ 1,800" అని రాస్తే ఆమె నిశ్చింతగా ఉంటుంది. ఇలాంటివి నాలుగైదు వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలుగా (ముందే రాసి దాచుకున్న జవాబులుగా) పెట్టుకుని, తేదీ, బాకీ మాత్రం ప్రతిసారీ షీట్ చూసి నింపండి. వేలమందికి ఒకేసారి మెసేజ్‌లు పంపుతామనే బయటి సాఫ్ట్‌వేర్‌ల జోలికి వెళ్ళొద్దు, వాట్సాప్ మీ నంబరునే ఆపేయొచ్చు. వాట్సాప్‌లోనే ఉండే బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపడం) అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే సేవ్ చేసుకోమనండి.

తెలుగు చదవలేని కారీగర్లు ఉన్న షాపుల్లో ఇంకో ఉపయోగం ఉంది. ఆర్డర్ వివరాన్ని ఏఐ చేత హిందీలోకి మార్పించి చీటీ మగ్గానికి తగిలించండి. కుందన్, చమ్కీ, కట్‌దానా లాంటి పని పేర్లు అలాగే ఉంచమని చెప్పండి, లేకపోతే వాటికి కొత్త మాటలు పుట్టిస్తుంది.

ఒక్క విషయం మరిచిపోవద్దు. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఒంటి కొలతలు, బ్లౌజు వేసుకున్న ఫొటోలు ఏఐ చాట్‌లో పెట్టకండి. ఆడవాళ్ళు మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఈ బాధ్యత గురించే చెప్తుంది. ఏఐకి కాలమ్‌ల పేర్లు, ఆర్డర్ నంబర్లు చాలు.

ఈ వారం అభ్యాసం: చేతిలో ఉన్న ఆర్డర్లన్నిటికీ మగ్గం రోజులు నింపండి. వారం మొత్తం కాగితంతో సరిచూడండి. కొత్త ఆర్డర్ వచ్చినప్పుడు ఆ ట్యాబ్ తెరిచి చూశాకే తేదీ చెప్పండి. వారం నిండినా ఒప్పుకోవాల్సి వస్తే ఎవరి పని వెనక్కి జరుపుతున్నారో పక్కన రాయండి. అయిదో పాఠంలో బేగంబజార్‌లో కొన్న పూసలు, జరీ బిల్లులను ఫొటో తీసి సరుకు లెక్కలోకి ఎక్కించడం నేర్చుకుందాం. ఈలోగా ఈ నెల బిల్లులన్నీ ఒక కవరులో వేసి ఉంచండి.